లీటర్ల నుంచి అణువులకు, వయా గుంతకల్లు

మా సైన్సు అయ్యవారు పోయారని నిన్న పత్తి మార్కెట్ దగ్గర ఒక పాత పరిచయస్తుడు చెప్పాడు. "పెద్దాయప్పే లేప్పా, ఎనభై దాటినాయి" అన్నాడు ఓదార్పుగా. ఎనభై ఏమి అని అడగబోయి నాలుక కరుచుకున్నాను. చావు కబురు మోసుకొచ్చిన మనిషిని ఎవరైనా అలా అడుగుతారా? ఆ ప్రశ్నను నా నెత్తిన ఎక్కించింది ఆయనే. ఇన్నేళ్ళయినా దిగి చావడం లేదు.

ఆయన్ని తలుచుకోవడమంటే నాకు విసుక్కోవడమే. పోయినవాళ్ళ గురించి నాలుగు మంచి మాటలు చెప్పాలంటారు. చెబుదామనే కూర్చున్నాను. తీరా కూర్చుంటే ముందు ఒళ్ళు మండుతోంది.

పొట్టి మనిషి. పంచె, దానిమీద నల్లకోటు. ఆ కోటు కుడిచేతి మోచేయి దాకా ఎప్పుడూ తెల్లగానే ఉండేది, ఎందుకంటే బోర్డు తుడిచే గుడ్డ కన్నా ఆయనకు ఆ చేయే దగ్గర. జేబులో సుద్దముక్క లేకుండా ఆయన్ని ఆదోనిలో ఎవరూ చూసి ఉండరు. బడిలో బోర్డు చాలక మాట్లాడుతూ మాట్లాడుతూ గోడ మీద, అరుగు మీద, బస్సులో ముందు సీటు వీపు మీద రాసేవారు. మా అక్క ఇంటి తలుపుకు బావ కొత్తగా రంగు వేయించిన వారంలోనే దానిమీద ఆక్సిజన్ సంగతంతా రాసి పెట్టారు. అక్క నోట్లో కొంగు కుక్కుకుని వంటింట్లోకి పోయింది. అయ్యవారిని ఏమంటుంది, పాపం.

ఇదంతా భరించవచ్చు. భరించలేనిది ఆ చెవి. ఎవరైనా ఒట్టి అంకె చెబితే ఆయనకు వినపడేది కాదు. చెవి వెనక అరచేయి పెట్టి, మెడ ముందుకు చాచి, చెవిటివాడిలా నిలబడేవారు. "అయిదు సార్" అంటే చెయ్యి చెవి దగ్గరికి పోయేది. "అయిదు ఏమిరా? అయిదు గాడిదలా, అయిదు గజాలా? అంకెను బిత్తలగా బజారుకు తోలుతావా? దాని మొలకు గుడ్డ సుట్టు!" బిత్తల అంటే మా వైపు దిసమొల. ఆడపిల్లలున్న తరగతిలో కూడా అదే మాట. వాళ్ళు తలలు దించుకునేవాళ్ళు, మేము నవ్వు ఆపుకోలేక చచ్చేవాళ్ళం, ఆయన మాత్రం ఎందుకు నవ్వుతున్నామో తెలియక కోప్పడేవారు.

బడి బయట కూడా ఇదే గోల. ఎమ్మిగనూరు బస్సులో కండక్టరు "ఎన్ని అయ్యోరూ?" అని అడిగితే "ఎన్ని ఏమి? టిక్కెట్లా, మైళ్ళా?" అనేవారు. వెనక జనం తోసుకుంటుంటే కండక్టరు చేతులు జోడించి, "టిక్కెట్లే సామీ, టిక్కెట్లే" అనేవాడు. ఇంట్లో వాళ్ళావిడ ఒకసారి చారు వడ్డిస్తూ "సారులో ఉప్పు కొంచెం తక్కువైనట్టుంది" అన్నదట. "కొంచెమంటే యెంత?" అన్నారట ఈయన. "నేను తల గోడకు కొట్టుకునేంత" అన్నదట ఆ తల్లి. ఈ మాట ఆమే మా అక్కకు చెప్పింది. చెప్పి నవ్వలేదు.

అలాంటి మనిషి చేతిలో నా బతుకు పెట్టారు.

మా తాలూకా బళ్ళారి జిల్లాలోంచి కర్నూలు జిల్లాలోకి వచ్చిన కొత్త రోజులవి. మాది ఎమ్మిగనూరు పక్కన మెట్ట ఊరు. ఇంటర్మీడియట్‌లో నాకు అన్నీ పోయినాయి, కెమిస్ట్రీ ఒక్కటి తప్ప. పోయినాయి అంటే పాసయ్యాయని. కెమిస్ట్రీ ఒక్కటే పట్టుకుని కూర్చుంది. సెప్టెంబరులో మళ్ళీ రాయాలి. మా నాయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. "ఈ తూరి గూడా తప్పితే ఇంగ సాలు. ఆదోనిలో మీ బావ ఉండాడు గదా, జిన్నింగు మిల్లులో చేరు" అన్నాడు. కోపంగా అనలేదు. వాన రాకపోతే జొన్న ఎండిపోతుంది అన్నట్టే అన్నాడు. ఆ మాటకు ఎదురు లేదని నాకు తెలుసు.

అప్పటికే నేను ఆదోనిలో అక్క ఇంట్లో చేరాను. బావ రోజూ సాయంత్రం మిల్లు నుంచి వచ్చేసరికి కనుబొమ్మల మీద, చెవుల్లో దూది నుసి. గుక్కతిప్పుకోకుండా దగ్గేవాడు. దగ్గు ఆగాక నా వైపు చూసి, "బాగా సదువుకో అబ్బీ. నువ్వు ఆడికి రావద్దు" అనేవాడు. నాకు బి.ఎస్సీ. చదవాలని ఉండేది. ఆ కోరిక కన్నా ఆ దగ్గంటే భయం ఎక్కువగా ఉండేదని ఇప్పుడు అనిపిస్తుంది. బావే పోయి నాకు కెమిస్ట్రీ చెప్పమని అయ్యవారిని అడిగాడు. ఆయన సరే అన్నారు. నా ఖర్మ.

పొద్దున్నే బడికి ముందు ఆయన ఇంటి అరుగు మీద పాఠం. మొదటి రోజే ఒక లెక్క ఇచ్చారు: అయిదు పాయింట్ ఆరు లీటర్ల ఆక్సిజన్ ఉంది, మామూలు ఒత్తిడి, సున్నా డిగ్రీల వేడి. అందులో అణువులెన్ని?

నాకు వచ్చు ఆ లెక్క! అంతటి వేడిలో, ఒత్తిడిలో ఏ వాయువైనా ఇరవై రెండు పాయింట్ నాలుగు లీటర్లుంటే అది ఒక మోలు. ఒక మోలులో ఉండే అణువులు ఆ ఇటలీ పెద్దమనిషి పేరు మీద ఉన్న అంకె, ఆరు చిల్లర ఇంటూ పది మీద ఇరవైమూడు. అయిదు పాయింట్ ఆరు దానిలో నాలుగో వంతు. కాబట్టి అందులో నాలుగో వంతు. నోటితోనే చేసి, "ఒకటిన్నర ఇంటూ పది టు ది పవరాఫ్ ఇరవైమూడు" అన్నాను, గర్వంగా.

చెయ్యి చెవి దగ్గరికి పోయింది.

"అణువులు సార్" అన్నాను గబుక్కున.

"ఇప్పుడు జ్ఞాపకమొచ్చెనా? అణువులా, పరమాణువులా? ఆక్సిజన్ అణువులో పరమాణువులు రెండు. నువ్వు ఒట్టి అంకె సెప్పి పోతే నేను యాది అనుకోవల్ల? సగానికి సగం తేడా వస్తాది. అంగట్లో సగం తూకమేస్తే ఊరుకుంటావా?"

"కానీ అంకె కరెక్టే గదా సార్?"

"యాడ కరెక్టు? రాయి. యాడికి పోవల్లనో అది ముందు రాయి."

ఇదీ ఆయన పద్ధతి. అరుగుకు కుడి చివర మనం చేరాల్సిన ఊరు రాయించేవారు: అణువులు. ఎడమ చివర మనం ఉన్న ఊరు: లీటర్లు. మధ్యలో ఖాళీ. "ఇప్పుడు సెప్పు. ఆదోని నుంచి కర్నూలుకు రైల్లో నేరుగా పోతావా?"

"లేదు సార్. గుంతకల్లులో దిగల్ల. ఆడ బండి మారల్ల."

"మోలు అంటే గుంతకల్లు. లీటర్ల బండి ఆడికే వస్తాది. అణువుల బండి ఆడినుంచే పోతాది. దిగకుండా పోతానంటే యా బళ్ళారికో పోతావు."

ఆపైన రాతపని. అయిదు పాయింట్ ఆరు లీటర్లు. పక్కన ఒక అడ్డగీత, గీత పైన ఒక మోలు, కింద ఇరవై రెండు పాయింట్ నాలుగు లీటర్లు. మళ్ళీ ఒక అడ్డగీత, పైన అణువుల పెద్ద అంకె, కింద ఒక మోలు. ప్రతి అంకె పక్కన దాని పేరు నిండుగా రాయాలి. 'లీ' అని పొట్టిగా రాస్తే చెరిపించేవారు. అప్పుడు పైనున్న లీటర్లను కిందున్న లీటర్లతో, కిందున్న మోలును పైనున్న మోలుతో కొట్టేయాలి. ఆ కొట్టివేత ఆయనే స్వయంగా చేసేవారు, సుద్ద పటుక్కున విరిగేటట్టు. చివరికి మిగిలిన పేరు అణువులు అయితే మనం ఊరు చేరినట్టు. "అంకె తర్వాత. ముందు పేరు సరిపోయెనా సూసుకో. పేరు సరిపోకపోతే గుణించేదే దండగ" అనేవారు.

నిజం చెప్పొద్దూ, మొదటిసారి చూసినప్పుడు బాగానే ఉందనిపించింది. రెండోసారీ బాగుంది. తరువాత అదే లెక్క తిప్పి, మళ్ళీ తిప్పి! ఆక్సిజన్ పోయి హైడ్రోజన్, హైడ్రోజన్ పోయి అమ్మోనియా, లీటర్ల నుంచి అణువులకు, అణువుల నుంచి లీటర్లకు. జూలై అయిపోయింది. పుస్తకంలో ఆమ్లాలు ముట్టలేదు, లోహాలు ముట్టలేదు. గంధకం పాఠంలో అంటుకుని ఉన్న పేజీల అంచులు కత్తిరించనైనా లేదు. "సార్, మిగతా పాఠాలు?" అంటే, "ఇది రానిది మిగతాది ఎందుకురా నీకు?" అనేవారు. నాకు వచ్చురా దేవుడా అని అరవాలనిపించేది.

అదే సమయంలో ఎమ్మిగనూరులో ఒకాయన పేరు మోగిపోతోంది. ఒకప్పుడు మా అయ్యవారి దగ్గరే చదువుకున్నవాడు, ఇప్పుడు ట్యూషన్లు చెబుతున్నాడు. ఆయన పిల్లలు అప్పటికే పుస్తకం రెండోసారి తిరగేస్తున్నారని విన్నాను. ఆయన పద్ధతిలో పేర్లూ లేవు, గుంతకల్లూ లేదు. లీటర్లిస్తే ఇరవై రెండు పాయింట్ నాలుగుతో భాగించు, పెద్ద అంకెతో గుణించు, అణువులిస్తే తిరగెయ్యి, అంతే. ఒకే వరుస. ఈ సంగతి ఉండబట్టలేక అన్నాను. అయ్యవారి ముఖం నల్లబడింది. "నా దగ్గరే సదివి, అంకెల్ని బిత్తలగా తోలుతాడు వాడు. వాని పేరు ఈ అరుగు మీద ఎత్తొద్దు" అన్నారు.

ఆగస్టులో ఇంకో పూట పోయింది. మంత్రాలయం ఆరాధనలకు పోయేవాళ్ళతో ఊరు కిక్కిరిసిన రోజులు. పేటలో ఇద్దరికి వాంతులు, భేదులు పట్టుకున్నాయి. కలరా అన్నారు. మా వీధి బావిలో రెండు సేర్ల బ్లీచింగు పొడి కలపమని డాక్టరు చెప్పి, పక్క ఊరికి పోయాడు. వీధిపెద్ద ఒక పత్తి దళారి. పొడి డబ్బా తెప్పించి, ఇంట్లోంచి జొన్నలు కొలిచే ఇత్తడి సేరు తెచ్చి కొలవబోయాడు. మా అయ్యవారు ఎటునుంచి వచ్చారో వచ్చారు.

"యా సేరు?"

"సేరంటే సేరే గదా అయ్యోరూ!" అన్నాడు దళారి.

"కొలత సేరు ఒకటి, తూకం సేరు ఒకటి. డాక్టరు యాది సెప్పినాడు?"

మా వైపు అప్పట్లో రెండూ సేరే. జొన్నలు కొలిచే సేరు నిండా పోస్తే తూకంలో అది చాలా సేర్లు తూగుతుంది. పుట్టినప్పటి నుంచి రెండూ వాడుతున్న జనం కాబట్టి ఎవరికీ ఏ సేరు అని అడగాలని తోచదు. బెల్లమైతే తూకం, జొన్నలైతే కొలత, చేతికే తెలుసు. ఈ పొడి బెల్లమా, జొన్నలా? దళారి చేతికి అది జొన్నల్లా కనిపించింది.

"ఏందో ఒకటి ఏసేయ్ అన్నా, నీళ్ళకు పొద్దుపోతాంది!" అని కడవలు పట్టుకున్న ఆడవాళ్ళు కేకలు పెట్టారు. అయ్యవారు ఆ డబ్బా మూత మీద కూర్చున్నారు. కోటుతో, పంచెతో, బుద్ధిమంతుడిలా. డాక్టరు తిరిగొచ్చేదాకా లేవలేదు. నా పాఠం అలాగే పోయింది. అక్క నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది, నేనే ఆయన్ని కని పెంచినట్టు.

సాయంత్రానికి డాక్టరు వచ్చి తూకం సేరే అన్నాడు. పత్తి అంగట్లో తక్కెడ తెప్పించి తూచి వేశారు. వెనక వీధిలో ఇలా మూత మీద కూర్చునేవాళ్ళెవరూ లేరు. వాళ్ళు జొన్నల సేరుతో కొలిచి పోశారు. ఆ నీళ్ళు వాసనకే ఎవరూ నోట్లో పెట్టుకోలేకపోయారు. వాళ్ళంతా కడవలెత్తుకుని మా బావికి వచ్చారు. బావి దగ్గర తొక్కిడి ఎక్కువైందని మా వీధి ఆడవాళ్ళు దానికీ అయ్యవారినే తిట్టారు.

మర్నాడు అరుగు మీద ఆయన, "సూసినావు గదా. లీటరు కొలత. గ్రాము తూకం. అణువు లెక్కింపు. ఒకదాన్నుంచి ఇంగొకదానికి ఊరికే దుంకితే బావి పాడవుతాది" అన్నారు. బావి సరే సార్, నా పరీక్ష సంగతి? అనుకున్నాను.

కర్నూలుకు పోయి పరీక్ష రాశాను. ప్రశ్నపత్రం విప్పాను. ఆ లెక్క ఉంది! ఇంత కార్బన్ డయాక్సైడ్ ఉంది, అణువులెన్ని అని. దానికి పక్కనే ఇంకో రెండు, అణువుల నుంచి లీటర్లకు ఒకటి. కలం పట్టుకుని మొదలుపెట్టాను. కుడి చివర చేరాల్సిన ఊరు, ఎడమ చివర ఉన్న ఊరు, అడ్డగీతలు, నిండు పేర్లు, కొట్టివేతలు. స్కేలు పెట్టి గీతలు గీశాను. ప్రతి లెక్క ఒక పేజీ. అణువులా పరమాణువులా అని కింద ఒక వాక్యం కూడా రాశాను. అరుగు మీద కూర్చున్నట్టే ఉంది నాకు. తల ఎత్తి చూస్తే గడియారం సగం దాటిపోయింది. గంధకం మీద గబగబా ఏదో గీకాను. లోహాల ప్రశ్నలు ముట్టకముందే బెల్లు కొట్టారు.

పేపరులో నా నంబరు లేదు.

నాయన ఊరి నుంచి వచ్చాడు. బావ పక్కన కూర్చుని, "సోమవారం నుంచి వీణ్ణి మిల్లుకు తోలకపో" అన్నాడు. బావ తల వంచుకున్నాడు. అక్క లోపల ఏడుస్తోంది. అప్పుడొచ్చారు అయ్యవారు, పిలవకుండానే. నాకు ఆయన ముఖం చూడాలనిపించలేదు. ఈ మనిషి వల్లే అని పళ్ళు కొరుక్కుంటున్నాను.

"ప్రశ్నపత్రం సూపించు" అన్నారు. ఇచ్చాను.

"లెక్కలు యెట్ల సేసినావు?"

చెప్పాను. అడ్డగీతలు, పేర్లు, స్కేలు, అన్నీ. వింటున్నంతసేపు ఆయన ముఖం వెలిగిపోయింది. అది చూసి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "సగం టైము ఆ లెక్కలకే అయిపాయ సార్. మిగతావి ముట్టనే ల్యా!" అన్నాను గొంతు చించుకుని. నాయన ముందు నేను ఎప్పుడూ అలా అరవలేదు.

ఆయన ముఖంలో వెలుగు ఆరిపోయింది. ప్రశ్నపత్రం పై వరుస మళ్ళీ చదివారు. మూడు గంటలు అని అక్కడ రాసి ఉంటుంది. ఆయన ఇన్ని నెలలూ అన్నిటికీ పేరు అడిగారు గానీ, ఒక లెక్క ఎన్ని నిమిషాల్లో చేయాలని ఒక్కనాడూ అడగలేదు. కాగితం మడిచి నాయన వైపు తిరిగారు.

"తప్పు వీనిది కాదప్పా. నాది. వీనికి లెక్క వచ్చు. పరీక్ష రాసేది నేను నేర్పల్యా."

"వచ్చితే ఏమి అయ్యోరూ, నంబరు రాల్యా గదా" అన్నాడు నాయన.

"మార్చిలో ఇంగోతూరి రాయనీ. నేను అడుగుతాండా. నా దగ్గర వద్దు." నాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "మార్చి దాకే" అన్నాడు.

మర్నాడు నన్ను ఎమ్మిగనూరు బస్సెక్కించారు. ఎక్కడికో చెప్పలేదు. కండక్టరు ఎన్ని అని అడిగితే రెండు వేళ్ళు చూపించి ఊరుకున్నారు. అప్పుడు నాకు భయమేసింది.

మగ్గాల చప్పుడు వినిపించే ఒక సందులో ఆగాం. ఆ పాత శిష్యుడి ఇల్లు. లోపల చాప మీద పిల్లలు, కుర్చీలో ఆయన. అయ్యవారు చెప్పులు విడిచి గడప దగ్గరే నిలబడ్డారు. శిష్యుడు లేచాడు, లేచి నవ్వాడు. "ఏం సార్, మా ఇంటికొచ్చినారు? అంకెలకు గుడ్డలు సుట్టేది అయిపాయనా?" అన్నాడు. పిల్లలు కిసుక్కుమన్నారు.

ఎవరైనా అయ్యవారి నోరు మూయిస్తే బాగుండునని నేను మొక్కుకున్న రోజులున్నాయి. అప్పుడు ఆ నోరు మూతపడింది. నాకు సంతోషం కలగలేదు. ఆ కుర్చీలోంచి లేచినవాణ్ణి కొట్టాలనిపించింది.

"వీనికి లెక్క వచ్చు" అన్నారు అయ్యవారు మెల్లగా. "బిరీన సేసేది రాదు. నీ పద్ధతి సెప్పు. మార్చి దాకా నీ కాడ ఉంచుకో. నేను మధ్యలో రాను."

"మీరు సెప్తే రానిది నేను సెప్తే వస్తాదా సార్?"

"వస్తాది. నువ్వు తొందరగా సేస్తావు. వీడు గట్టెక్కల్ల."

శిష్యుడి నవ్వు పోయింది. కుర్చీ జరిపి, "కూర్చోండి సార్" అన్నాడు. ఆయన కూర్చోలేదు. బస్సుకు టైమైందని పోయారు.

నేను మా ఊరి నుంచి ఎమ్మిగనూరుకు నడిచి పోయి వచ్చేవాణ్ణి. శిష్యుడు దుర్మార్గుడేమీ కాదు, బాగా చెప్పాడు, పుస్తకమంతా చెప్పాడు. మార్చిలో రాశాను. లెక్కలు ఒక్కో వరుసలో తేల్చి పారేశాను. పేపరులో నంబరు వచ్చింది. బావ ఆ పేపరు మడిచి మిల్లుకు తీసుకుపోయి అందరికీ చూపించాడు.

ఆదోనికి వచ్చి అయ్యవారి ఇంటికి పోయాను. అరుగు మీదే ఉన్నారు. పాసయ్యానని చెప్పాను. తలూపి, జేబులోంచి సుద్దముక్క తీసి నాకిచ్చారు.

"లీటర్లిచ్చి అణువులడిగితే, ఆయప్ప యెట్ల సేయమన్నాడు? రాసి సూపించు."

అరుగు మీద రాశాను. ఒకటే వరుస. ఒట్టి అంకెలు, ఒక భాగహారం, ఒక గుణకారం, ఈక్వల్‌టు, జవాబు. రాసి పక్కకు జరిగాను. ఆయన వంగి, చేతులు వెనక్కి కట్టుకుని, దాన్ని చూస్తూ ఉండిపోయారు. తిడతారని కాచుకున్నాను. ఆయన తిట్టాలనే కోరుకున్నాను.

"బాగుంది" అన్నారు. "పో, మీ నాయనకు సెప్పు."

బాగాలేదు. నాకు తెలుసు. నేను ఆయన దగ్గర చదివినవాణ్ణి.